గ్రోపార్ట్: నడుస్తున్న సర్వర్‌లోనే రూట్ పార్టిషన్‌ను పెంచే సాధనం

వర్చువల్ సర్వర్ కంట్రోల్ ప్యానెల్‌లో డిస్కును 20 జీబీ నుంచి 40 జీబీకి పెంచిన తరువాత లినక్స్ సర్వర్‌లోకి వెళ్లి, డిస్కు స్థలం చూపే డీఎఫ్ ఆదేశం ఇస్తే, చాలా సందర్భాల్లో పాత 20 జీబీయే కనిపిస్తుంది. కట్టిన డబ్బుకు స్థలం రాలేదని కంగారుపడి సేవాసంస్థకు ఫిర్యాదు రాసేవారు ఎందరో ఉన్నారు. నిజానికి అక్కడ పెరిగింది డిస్కు ఒక్కటే. ఆ డిస్కులోని పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం), ఆ పార్టిషన్‌లోని ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే ఏర్పాటు) రెండూ పాత కొలతలతోనే ఉంటాయి. డిస్కులను, పార్టిషన్లను చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశం ఇస్తే పైవరుసలో డిస్కు 40 జీబీగా, దాని కింద రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఉండే ప్రధాన పార్టిషన్) 20 జీబీగా కనిపించి విషయం తేటతెల్లమవుతుంది. ఈ మూడింటిలో మధ్యదాన్ని, అంటే పార్టిషన్‌ను, సర్వర్ ఆపకుండా పెంచడమే గ్రోపార్ట్ పని. నా దృష్టిలో ఈ పనికి ఇంతకంటే నమ్మదగిన సాధనం లేదు. అయితే దాని పరిధి ఎక్కడితో ముగుస్తుందో తెలిసినవారికే అది పూర్తిగా ఉపయోగపడుతుంది.

దీని విలువ తెలియాలంటే పార్టిషన్ పట్టికను మార్చే ఎఫ్‌డిస్క్ ఆదేశంతో చేసే పాత పద్ధతిని ఒకసారి చూడాలి. అందులో, సర్వర్ నడుస్తుండగానే రూట్ పార్టిషన్‌ను పట్టిక నుంచి తొలగించి, సరిగ్గా అదే మొదటి సెక్టార్‌తో (సెక్టార్ అంటే డిస్కులో అతి చిన్న ముక్క; చాలా సర్వర్లలో ఈ అంకె 2048) మళ్లీ సృష్టించాలి. మధ్యలో, ఉన్న ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో బాగా వాడే ఒక ఫైల్ సిస్టమ్) సంతకాన్ని, అంటే దాని గుర్తింపు ముద్రను, తుడిచివేయాలా అని ఎఫ్‌డిస్క్ అడిగినప్పుడు వద్దనే చెప్పాలి. మొదటి సెక్టార్ అంకె తప్పినా, ఆ ప్రశ్నకు జవాబు తప్పినా, తరువాతి బూట్‌లో సర్వర్ లేవకపోవచ్చు. గ్రోపార్ట్ మొదటి సెక్టార్ జోలికి వెళ్లదు. చివరి హద్దును మాత్రమే జరుపుతుంది. మార్చే ముందు పాత పట్టికను భద్రపరచుకుని, మధ్యలో పని విఫలమైతే దానినే తిరిగి రాస్తుంది. మౌంటై (వాడకానికి జతచేయబడి) ఉన్న పార్టిషన్ పరిమాణం మారిందని, లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్‌కు తెలియజేసే సౌకర్యం లినక్స్ 3.6 నుంచి ఉన్నందున, రీబూట్ కూడా సాధారణంగా అవసరం పడదు.

ఉబుంటు, డెబియన్‌లలో ఇది క్లౌడ్-గెస్ట్-యుటిల్స్ ప్యాకేజీలోనూ, రెడ్ హ్యాట్ కుటుంబంలో క్లౌడ్-యుటిల్స్-గ్రోపార్ట్ పేరుతోనూ దొరుకుతుంది. వాడకం తేలికే. డిస్కు పేరు రాసి, ఖాళీ వదిలి, పార్టిషన్ సంఖ్య రాయాలి. రెండూ కలిపి రాస్తే ఆదేశం పనిచేయదు. ముందుగా డ్రై-రన్ ఐచ్ఛికంతో నడిపితే, ఏమీ మార్చకుండానే ఏం మార్చబోతోందో చూపిస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చిన గుణం ఇదే.

ఫలితాన్ని తెలిపే తీరు మాత్రం కొత్తవారికి కష్టమే. పరిమాణాలన్నీ 512 బైట్ల సెక్టార్లలో వస్తాయి కాబట్టి, 40 జీబీ డిస్కు అంటే సుమారు 8 కోట్ల 38 లక్షల సెక్టార్లని లెక్క వేసుకోవాలి. అంతకంటే పెద్ద కొరత, తరువాతి మెట్టు ఏమిటో అది చెప్పకపోవడం. పార్టిషన్ పెరిగినా ఫైల్ సిస్టమ్ పెరగదు; ఈఎక్స్‌టీ4 అయితే రీసైజ్2ఎఫ్‌ఎస్‌ను పార్టిషన్ పేరుతో, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్-గ్రోఎఫ్‌ఎస్‌ను మౌంట్ అయిన చోటుతో నడపాలి. డిస్కు స్థలాన్ని మరో పొరగా పంచే ఎల్‌వీఎం ఉంటే మధ్యలో పీవీరీసైజ్, ఎల్‌వీఎక్స్‌టెండ్ కూడా చేరతాయి.

డిస్కు పూర్తిగా నిండిన తరువాతే చాలామందికి ఈ సాధనం గుర్తుకు వస్తుంది; ఇది తడబడేదీ సరిగ్గా అప్పుడే. తాత్కాలిక ఫైళ్ల కోసం అది టీఎంపీ డైరెక్టరీలో చిన్న ఫోల్డర్ సృష్టించుకుంటుంది. టీఎంపీ కూడా రూట్ పార్టిషన్‌లోనే ఉండి ఒక్క బ్లాకు కూడా ఖాళీ లేకపోతే, స్థలం లేదనే సందేశంతో పని మొదట్లోనే ఆగిపోతుంది. స్థలం పెంచడానికే స్థలం కావాలనడం అన్యాయంగా తోచినా, పరిష్కారం సులువే: టీఎంపీ మీద 10 ఎంబీ టీఎంపీఎఫ్‌ఎస్‌ను తాత్కాలికంగా మౌంట్ చేసి, గ్రోపార్ట్ నడిపి, ఆపై దానిని అన్‌మౌంట్ చేస్తే సరిపోతుంది. టీఎంపీఎఫ్‌ఎస్ డిస్కులో కాక మెమరీలో (ర్యామ్‌లో) ఉంటుంది కనుక నిండిన డిస్కుతో దానికి సంబంధం లేదు.

ఇక అసలు పరిమితి పార్టిషన్ల వరుసలో ఉంది. రూట్ పార్టిషన్‌కు వెనువెంటనే ఉన్న ఖాళీని మాత్రమే గ్రోపార్ట్ కలుపుకోగలదు. రూట్ 1గా, ఇతర పార్టిషన్లను లోపల ఉంచుకునే ఎక్స్‌టెండెడ్ 2గా, అందులో స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) 5గా ఉన్న పాత డెబియన్ అమరికలో కొత్త స్థలం స్వాప్‌కు అవతల పడుతుంది. అప్పుడు మార్పేమీ లేదనే జవాబు వస్తుంది. ఇక్కడ స్వాప్‌ను ఆపి, బూట్‌లో మౌంట్ చేయవలసినవాటి జాబితా అయిన ఎఫ్‌స్టాబ్‌లో దాని వరుస తీసివేసి, 5ను, 2ను తొలగించిన తరువాతే గ్రోపార్ట్ నడపాలి. స్వాప్ అవసరమైతే ఆ పైన స్వాప్ ఫైలుగా పెట్టుకోవచ్చు. బూట్ మొదట్లో నడిచే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోని రెజ్యూమ్ అమరికలో పాత స్వాప్ గుర్తింపు సంఖ్య (యూయూఐడీ) మిగిలిపోతే, బూట్ సమయంలో దానికోసం ఎదురుచూస్తూ సర్వర్ ఆలస్యం చేస్తుంది. కాబట్టి దానిని కూడా సరిచేయాలి.

పాత తరహా ఎంబీఆర్ పార్టిషన్ పట్టిక ఉన్న డిస్కులో 2 టీబీ దాటిన స్థలం వాడుకలోకి రాదు. 32 బిట్ల సెక్టార్ సంఖ్యకు అదే హద్దు. గ్రోపార్ట్ ఆ పట్టికను కొత్త తరహా జీపీటీగా మార్చదు.

క్లౌడ్-ఇనిట్ (బూట్‌లో సర్వర్‌ను అమర్చే ప్రోగ్రామ్) ఉన్న సర్వర్ ఇమేజ్‌లలో పార్టిషన్‌ను, ఫైల్ సిస్టమ్‌ను పెంచే పనిని అది ప్రతి బూట్‌లోనూ తానే ప్రయత్నిస్తుంది. అందువల్ల అటువంటి సర్వర్‌కు ఒక్క రీబూట్‌తో పని పూర్తి కావచ్చు. క్లౌడ్-ఇనిట్ లేని సర్వర్‌కూ, రీబూట్ చేయడానికి వీలులేని సర్వర్‌కూ గ్రోపార్ట్‌ను చేత్తో నడపవలసి వస్తుంది. ఏ దారిలో వెళ్లినా ముందు స్నాప్‌షాట్ (డిస్కు పూర్తి నకలు) తీసుకోవాలి. పట్టిక రాస్తుండగా సర్వర్ ఆగిపోతే గ్రోపార్ట్ దాచుకున్న నకలు ఒక్కటే చాలదు. కొత్త పరిమాణాన్ని కూడా ఆలోచించి ఎంచుకోవాలి. మౌంటై ఉన్న ఈఎక్స్‌టీ4ను తగ్గించలేము. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను తగ్గించే వీలు దాదాపు లేదు. కనుక అవసరానికి మించి పెంచిన డిస్కుకు, మరో చిన్న సర్వర్‌కు డేటా తరలించేదాకా, అద్దె కడుతూనే ఉండాలి.