అల్యూమినియం సైకిలుతో 11 ఏళ్లు

నా దగ్గర రెండు సైకిళ్లున్నాయి. ఒకటి స్టీలుది, నాన్న ఏళ్ల తరబడి తొక్కి నాకిచ్చేసింది. రెండోది 11 ఏళ్ల కిందట నేను కొనుక్కున్న అల్యూమినియంది. రోజూ ఆఫీసుకు వెళ్లేదీ, ఆదివారం పొద్దున్నే ఊరు దాటి పోయేదీ దీని మీదే. ఎంత లేదన్నా 40 వేల కిలోమీటర్లు తిరిగుంటుంది. స్టీలుదాన్ని అమ్మలేదు. అప్పుడప్పుడు బయటికి తీస్తుంటాను, పోల్చి చూసుకోవడానికి కొంత, నాన్న మొహం చూసి కొంత.

ముందే చెప్పేస్తున్నా, నేను అల్యూమినియం పక్షమే. ఎత్తు రోడ్డు మీద సీటు వదిలి లేచి తొక్కి చూడండి. నాన్న సైకిలు కాస్త పక్కకు ఊగి, ఆ తర్వాత కదులుతుంది. ఇది కాలు వేయడమే ఆలస్యం, ఉరుకుతుంది. కొన్న మొదటి వారం సిగ్నల్ పడిన ప్రతిచోటా సంతోషించేవాణ్ణి, మళ్లీ మొదలుపెట్టే అవకాశం దొరికిందని.

ఈ ఉరుకు తేలికదనం వల్లే వస్తోందని చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు రెండిటినీ స్ప్రింగు త్రాసుకు వేలాడదీశాను. నాన్నది 11.9 కిలోలు, నాది 9.4. కానీ ఆ రెండున్నర కిలోల్లో ఫ్రేము వాటా కిలోకు మించదు. మిగతాదంతా చక్రాలు, హ్యాండిలు, పెడళ్ల దగ్గర తగ్గిన బరువే. అసలు తేడా నా ఫ్రేములోని లావాటి గొట్టాల్లో ఉంది. ఘన సెంటీమీటరు స్టీలు దాదాపు 7.8 గ్రాములు తూగితే అల్యూమినియం 2.7 గ్రాములే. మూడో వంతు బరువు, బాగానే ఉంది. చిక్కేమిటంటే, వంగకుండా నిలబడే గుణం కూడా మూడో వంతే. అందుకే సన్నటి గొట్టాలను జిగురుతో అతికించిన పాతకాలపు వీటస్ 979 లాంటి ఫ్రేములు తేలికే గానీ మెత్తన అని పేరు. 1970ల్లో అమెరికాలో గ్యారీ క్లైన్ అనే సైకిళ్ల తయారీదారు గొట్టాలను లావు చేశాడు. 1983లో కానన్‌డేల్ కంపెనీ కూడా అదే దారిలో సైకిలు తెచ్చింది. లెక్క చాలా సులువు: గోడ మందం అలాగే ఉంచి గొట్టం లావు రెట్టింపు చేస్తే బరువు రెండింతలే, గట్టిదనం మాత్రం ఎనిమిదింతలు. 1998లో ఇటలీ రేసర్ మార్కో పాంటానీ టూర్ డి ఫ్రాన్స్ పందెం గెలిచింది ఇలాంటి సైకిలు మీదే. ఆ తర్వాత మెల్లగా పెద్ద పందేలన్నీ కార్బన్ ఫైబర్ ఫ్రేముల చేతికి పోయాయనుకోండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: "అల్యూమినియం ఒళ్లు హూనం చేస్తుందటగా?" మొదటి రెండేళ్లు నేనూ అవుననే చెప్పేవాణ్ణి. గంట తొక్కేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి. మూడో ఏడు ఒక ఆదివారం, రెండు సైకిళ్లకూ చక్రాల సైజు ఒకటే కదా అని మార్చి చూశాను. నాన్న చక్రాలకు 28 మిల్లీమీటర్ల టైర్లు, గాలి 75 పీఎస్‌ఐ. నావి 23 మిల్లీమీటర్లు, గాలి 110. గతుకుల రోడ్డు ఒకటి చూసుకుని రెండు సైకిళ్ల మీదా అదే రోడ్డున వెళ్లొచ్చాను. నా అల్యూమినియం సైకిలు నాది కాదేమో అన్నంత మెత్తగా పోయింది. సన్న టైర్లతో నాన్న స్టీలు సైకిలు మాత్రం దడదడలాడించేసింది. రెండేళ్లు ఫ్రేమును తిట్టుకున్నాను, తప్పంతా టైర్లలోని గాలిది! ఆ ముక్కోణాల ఫ్రేము కిందికీ పైకీ లొంగేది చాలా కొద్ది. టైరూ సీటూ లొంగేదానితో పోలిస్తే లెక్కలోకి రాదు. అప్పట్నుంచి నావీ 28 టైర్లే. తేడా బొత్తిగా లేదని మాత్రం అనను. గరుకు తారు మీద నాలుగు గంటలు తొక్కితే అల్యూమినియంలో ఒక సన్నటి జుమ్మనే వణుకు చేతులకు తెలుస్తుంది. స్టీల్లో అది తక్కువ.

ఆ వణుకు తగ్గుతుందనే కార్బన్ సీటు రాడ్డు ఒకటి వేయించుకున్నాను. నేను చేసిన పెద్ద పొరపాటు అదే. అమ్మిన షాపువాళ్లు ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. కార్బన్‌కూ అల్యూమినియానికీ మధ్య చెమట, వాన నీళ్లు చేరితే అల్యూమినియం లోలోపల తినేసుకుంటుంది. రెండేళ్ల తర్వాత సీటు కాస్త కిందికి దించుదామని బోల్టు వదులు చేస్తే రాడ్డు కదల్లేదు. నూనె పోసి రాత్రంతా ఉంచాం, చక్రాలు తీసేసి ఇద్దరం రెండు వైపులా పట్టుకుని మెలితిప్పాం, ఊహూఁ. చివరికి మెకానిక్ రాడ్డును పైన కోసేసి, హాక్సా బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని, గొట్టం లోపల్నుంచి నిలువుగా కోశాడు. మూడు గంటలు. ముక్కలు బయటికొచ్చాక చూస్తే లోపలంతా సున్నం వేసినట్టు తెల్లటి పొడి. "దీనికి గ్రీజు కాదు సార్, కార్బన్ పేస్టు రాయాలి. నెలకోసారి తీసి తుడిచి పెట్టుకుంటే ఈ బాధే లేదు," అన్నాడతను. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ పని చేస్తున్నాను.

అల్యూమినియానికి తుప్పు పట్టదనే మాట నిజమే, కాకపోతే ఇలా తెల్లగా పొక్కుతుంది. బోల్టుల దగ్గర రంగు బుడగలా లేచిందంటే కింద అదే జరుగుతోందన్నమాట. నాన్న సైకిలు కథ వేరు. పైకి నిగనిగలాడుతుంటుంది. పెడల్ ఇరుసు విప్పినప్పుడు మాత్రం చెంచాడు ఎర్ర నీళ్లు కారాయి. స్టీలు లోపల్నుంచి పోతుంది.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది పగులు. ఒక హద్దు దాటని బరువైతే స్టీలు ఎన్ని లక్షల సార్లయినా మోస్తుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న చిన్న దెబ్బలు కూడా లెక్కలోకి పోతూనే ఉంటాయి. అందుకే తయారుచేసేవాళ్లు కావలసినదానికంటే బాగా బలంగా చేస్తారు. ఆరో ఏడు, సైకిలు తుడుస్తుంటే హ్యాండిలు కింద అతుకు పక్కన వెంట్రుకంత గీత కనబడింది. గుండె జారిపోయింది. గోరుతో రాస్తే తగిలింది. రెండు చివర్లా పెన్సిలుతో గుర్తు పెట్టి, రెండు వారాలు నాన్న సైకిలు తొక్కాను. ఆ తర్వాత ధైర్యం చేసి అక్కడి రంగు గీకితే కింద లోహం అద్దంలా ఉంది. పగిలింది రంగే. నిజంగా ఫ్రేమే పగిలి ఉంటే దాని పని అయిపోయినట్టే. సైకిలు ఫ్రేములకు వాడే 6061 రకం అల్యూమినియాన్ని వెల్డింగ్ చేస్తే ఆ చుట్టూ మెత్తబడిపోతుంది. ఫ్రేమంతా 530 డిగ్రీల దాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ గంటల తరబడి వేడి మీద ఉంచితేగాని బలం తిరిగిరాదు. అది వీధి చివర వెల్డింగ్ షాపులో అయ్యే పని కాదు. స్టీలైతే అతుకుతారు, వంగితే సరిచేస్తారు. ఈ విషయంలో నాన్నదే గెలుపు, ఒప్పుకుంటాను.

ఒకసారి కుడివైపు పడితే వెనక గేరు తగిలించే చిన్న ముక్క వంగింది. అది విడిగా దొరుకుతుంది, ఒకటి కొని ఎప్పుడూ సంచిలో పెట్టుకోండి.

మరీ దూరప్రయాణాలకు, సామాను కట్టుకుని రోజుల తరబడి వెళ్లేవాళ్లకు స్టీలే తీసుకోమంటాను. రోజూ తొక్కడానికీ, ఎత్తులెక్కడానికీ, మెట్ల మీద ఎత్తుకుని పైకి తీసుకెళ్లడానికీ నేనైతే మళ్లీ అల్యూమినియమే కొంటాను. ఈసారి కొనేముందు మాత్రం ఒకటి చూస్తాను: 32 మిల్లీమీటర్ల టైరు పడుతుందా లేదా అని. నా ఇప్పటి ఫ్రేములో 28 దాటితే బ్రేకుకు రాసుకుంటోంది.

మొన్న నాన్న నా సైకిలు తీసుకుని ఒక చుట్టు వెళ్లొచ్చారు. దిగి, ముందు టైరు నొక్కి చూసి, "గాలి తక్కువుంది కదరా, అందుకే బాగుంది," అన్నారు.