చెక్క దుమ్మును పీల్చడానికి ఏ మెషీన్: వ్యాక్యూమ్ రకమా, పెద్ద సంచి రకమా?

వ్యాక్యూమ్ రకం: సన్న గొట్టం, గట్టిగా పీల్చే బలం. చెక్కను నున్నగా రుద్దే శాండర్, గాడులు తీసే రౌటర్‌లకు సరిగ్గా సరిపోతుంది. చిత్రిక పట్టే ప్లేనర్‌కు తగిలిస్తే మాత్రం చుట్టలుగా వచ్చే పొట్టు గొట్టం మలుపులో ఇరుక్కుంటుంది. ఫిల్టర్ సంచులు కొంటూనే ఉండాలి.

సంచి రకం: 100 మిల్లీమీటర్ల గొట్టం, ఎక్కువ గాలిని లాగుతుంది. ప్లేనర్, చెక్కను ఒకే మందానికి తెచ్చే థిక్‌నెసర్‌లకు ఇదే. చోటు ఎక్కువ కావాలి.

రిస్క్ దగ్గర నేను రాజీపడను. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. మామూలు గుడ్డ సంచి పొట్టును ఆపుతుంది కానీ, కంటికి కనిపించని దుమ్మును మళ్లీ గదిలోకే వదులుతుంది. దాని బదులు సన్న దుమ్మునూ ఆపే మడతల ఫిల్టర్, అంటే కార్ట్రిడ్జ్ ఫిల్టర్ పెట్టించండి.

ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) పని, శాండింగ్ ఎక్కువైతే మంచి ఫిల్టరున్న వ్యాక్యూమ్ తీసుకోండి. రోజూ కలప చిత్రిక పట్టేవాళ్లకు సంచి రకమే మేలు.