విశాఖ మ్యూజియంలో ఆ బాంబు ముందు మా అత్తయ్య

విశాఖలో లాడ్జి గది ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు, చెకౌట్ ఎన్నింటికో వాట్సాప్‌లో రాయించుకోండి. మేం రాయించుకోలేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో ఒక లాడ్జి. రోజుకి 1,800, అత్తయ్య కోసం అదనపు పరుపుకి 500 అన్నారు. "ఇరవై నాలుగ్గంటల చెకౌటండీ, నింపాదిగా ఖాళీ చేయండి" అని ఫోన్లో చెప్పారు. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి దిగాం. ఆదివారం పన్నెండుంపావుకి తాళం ఇవ్వబోతే, పన్నెండు దాటింది కాబట్టి సగం రోజు కింద ఇంకో 900 కట్టమన్నారు. ఫోన్లో ఏం చెప్పారో గుర్తుచేస్తే, "మాట్లాడింది నేను కాదండి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఏసీ నుంచి రాత్రంతా నీళ్లు కారి, ఆ పరుపు సగం తడిసిపోయింది. డెబ్బై ఆరేళ్ల మనిషి తెల్లవార్లూ కుర్చీలో కూర్చుంది. ఆ మాటకి జవాబే లేదు. మొత్తం 3,200 వదిలించుకుని బయటపడ్డాం.

శనివారం సాయంత్రం ఆర్కే బీచ్, కాళీమాత గుడి, రాత్రి భోజనం అన్నీ బాగానే జరిగాయి.

రైలు సాయంత్రం. చేతిలో రెండు బ్యాగులు. మా ఆయన ముఖం చూస్తే పలకరించాలన్నా భయం వేసింది. పాప బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూడాలంది, కానీ అక్కడ నిచ్చెనలెక్కి, ఇరుకు గుమ్మాల్లోంచి వంగి నడవడం అత్తయ్య వల్ల కాదు. అందుకని అదే బీచ్ రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియంకి వెళ్దామన్నాను. ఆటోకి 150. పాప అలిగింది. నాకు మాత్రం ఇలాంటి చోట్లంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. రాజమండ్రిలో దామెర్ల రామారావు బొమ్మలున్న చిత్రశాలకి మా నాన్న ఎన్నోసార్లు తీసుకెళ్లేవారు. ముప్పై ఏళ్లైనా నిండకుండా 1925లో మశూచితో పోయిన మనిషి అన్ని బొమ్మలు ఎలా వేశాడా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ మ్యూజియం నూట యాభై ఏళ్లు దాటిన డచ్ బంగళాలో ఉంది. 1991లో మ్యూజియంగా తెరిచారు. పాత ఆయుధాలు, నాణేలు, పట్టుబట్టలు, చిత్తరువులు, పింగాణీ సామాను, ఎక్కువగా కళింగాంధ్ర వైపు దొరికినవి. పింగాణీ దగ్గర పాప "ఇవన్నీ బయటివాళ్లవేనా? ఇక్కడి వాళ్లు ఏం చేశారమ్మా?" అని అడిగింది. అలక తీరిందన్నమాట. ఈ ఊరి పనివాళ్ల గురించి నాకు తెలిసింది చెప్పాను. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడ నల్లచేవ కర్రలో ఏనుగుదంతం పొదిగి, దాని మీద పువ్వులూ తీగలూ చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపేవారు. ఆ కుర్చీలు, పెట్టెలు కంపెనీ దొరలు పడవలకెత్తి తీసుకుపోయారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా విశాఖ పని ఉంది. చేసిన వాళ్ల పేర్లు చాలావరకు ఎవరికీ తెలియవు. ఆ ముక్క చెబుతుంటే నాకు గొంతు పట్టేసింది.

వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్య లేదు. బాంబు దగ్గర నిలబడి ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద వేసిన వాటిలో పేలకుండా మిగిలిన బాంబు అది. అదే రోజు కాకినాడ మీద కూడా వేశారు.

అత్తయ్య పుట్టిల్లు వన్‌టౌన్, అంటే విశాఖ పాత ఊరు. ఆవిడ పుట్టేసరికి యుద్ధం అయిపోయింది, కానీ ఇంట్లో ఆ కబుర్లు వింటూ పెరిగింది. వాళ్లమ్మ పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి, చంకలో పెద్దన్నయ్యని ఎత్తుకుని, ఎడ్లబండి మీద శృంగవరపుకోట వెళ్లిపోయిందట. ఆ రోజుల్లో సగం ఊరు అలాగే ఖాళీ అయిందని చెప్పేదట. "అమ్మ చెప్పేది గానీ, ఇది ఇంతుంటుందని అనుకోలేదే అమ్మాయ్" అంది. పావుగంట అక్కడే ఉంది. రాత్రి కుర్చీలో జాగారం చేసిన మనిషి, కూర్చోండత్తయ్యా అంటే కూర్చోలేదు. మా ఆయన బ్యాగులు కింద పెట్టి, వాళ్లమ్మ పక్కన వెళ్లి నిలబడ్డారు.

విశాఖ వెళ్లేవాళ్లు ఇక్కడికి కనీసం గంటన్నర ఉంచుకోండి. సబ్‌మెరైన్ చూసి టైముంటే చూద్దాంలే అనుకుంటే కుదరదు. పెద్దవాళ్లుంటే ముందు ఇక్కడికే తీసుకురండి, వాళ్లని తొందరపెట్టకండి.

బయటికొచ్చి తలో ముంత మసాలా తిన్నాం, నాలుగూ 160. అప్పుడు అత్తయ్య, "వన్‌టౌన్ మీదుగా స్టేషన్‌కి పోదామా?" అని అడిగింది. ఆటో అతను 250 అడిగాడు. బేరం ఆడకుండా ఎక్కాం. కురుపాం మార్కెట్ దగ్గర ఆపించి దిగింది. వాళ్లిల్లు ఉన్న సందు ఏదో పోల్చుకోలేకపోయింది. రెండు సందులు తిరిగి వచ్చి, పాప చెయ్యి పట్టుకుని రోడ్డు చివరికి చూపించింది.

"బండి ఇటే పోయిందట. మీ తాతమ్మ వెనక్కి తిరిగి చూడలేదట."