వాక్యూమ్ గేజీతో అంబాసిడర్ ఇంజన్ మిస్సింగ్ పట్టుకోవడం: ఏళ్ల తరబడి వాడిన తర్వాత నా సమీక్ష

పాత అంబాసిడర్ ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా నడుస్తున్నప్పుడు) ఊగడం మొదలుపెట్టినా, సిగ్నల్ దగ్గర ఆగిపోతున్నా, మూడో గేరులో యాక్సిలరేటర్ నొక్కగానే జర్కులిచ్చినా, గ్యారేజీలో ముందుగా విప్పేది పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్‌నే. జెట్లు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలు) కడుగుతారు, ప్యాకింగులు మారుస్తారు, పెట్రోలు-గాలి పాళ్లను మార్చే మిక్చర్ స్క్రూ తిప్పుతారు. కొన్నాళ్లకు అదే మిస్సింగ్ (సిలిండర్లలో పేలుడు మధ్యమధ్య తప్పడం) మళ్లీ మొదలవుతుంది. కార్బురేటర్‌ను విప్పకముందే లోపం ఏ వైపున ఉందో చెప్పగల పరికరం వాక్యూమ్ గేజీ. హైదరాబాదులో నా మార్క్ 4 అంబాసిడర్‌కు, అప్పుడప్పుడు స్నేహితుల బండ్లకు, దీన్ని ఎన్నో ఏళ్లుగా వాడుతున్నాను. 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌కు ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఎక్కువ సమాచారమిచ్చే పరికరం మరొకటి నాకు కనిపించలేదు. అయితే దీనికి తెలియని సంగతులు కూడా ఉన్నాయి, వాటిని కూడా చెప్పాలి.

ఐడ్లింగ్‌లో గాలి దారిని మూసి తెరిచే థ్రాటిల్ రేకు దాదాపు మూసుకొని ఉంటుంది, పిస్టన్లు మాత్రం గాలిని లాగుతూనే ఉంటాయి. ఆ లాగుడు వల్ల ఇన్‌లెట్ మ్యానిఫోల్డ్‌లో (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు వెళ్లే గొట్టంలో) ఏర్పడే శూన్యాన్ని గేజీ పాదరసం అంగుళాల్లో చూపిస్తుంది. నాలుగు సిలిండర్లూ సమానంగా పనిచేస్తే ముల్లు కదలకుండా నిలబడుతుంది. ఒక సిలిండర్ తన వంతు లాగలేకపోతే, లేదా లాగిన గాలిని వాల్వు సందులోంచి వెనక్కి వదిలేస్తే, ఆ సిలిండర్ వంతు వచ్చిన ప్రతిసారీ ముల్లు ఉలిక్కిపడుతుంది. నిమిషానికి 600 చుట్ల వేగంలో ఒక్కో సిలిండర్ సెకనుకు ఐదుసార్లు మాత్రమే పేలుతుంది కాబట్టి, ఆ ఉలికిపాటును కంటితో స్పష్టంగా చూడవచ్చు.

తగిలించే చోటు విషయంలో జాగ్రత్త అవసరం. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో నిప్పురవ్వ వేళను ముందుకు జరిపే అడ్వాన్సుకు వెళ్లే సన్న గొట్టానికి తగిలిస్తే ఐడ్లింగ్‌లో ముల్లు సాధారణంగా కదలదు, ఎందుకంటే ఆ రంధ్రం మూసి ఉన్న థ్రాటిల్ రేకుకు పైన ఉంటుంది. బ్రేకు బూస్టర్ (ఇంజన్ శూన్యంతో బ్రేకుకు బలమిచ్చేది) ఉన్న బండిలో దాని గొట్టానికి టీ జాయింటు వేస్తే సరిపోతుంది. బూస్టర్ లేని నా బండికి మ్యానిఫోల్డ్‌ను విప్పి, లేత్ పనివాడి చేత రంధ్రం వేయించి, మరలు కోయించి, వాడనప్పుడు మూసి ఉంచడానికి ఒక బోల్టు బిగించాను. మ్యానిఫోల్డ్ బండి మీద ఉండగా ఈ పని ఎవరూ చేయకూడదు. ఇనుప రజను లోపలికి పోతే సిలిండర్ గోడలు గీసుకుపోతాయి. కొలిచే ముందు ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, ట్యాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు) సరైన సందుతో ఉండాలి. ఈ రెండూ లేనప్పుడు వచ్చే రీడింగును నమ్మకూడదు.

పుస్తకాల్లో ఆరోగ్యమైన ఇంజన్‌కు 17 నుంచి 21 అంగుళాలు రావాలని ఉంటుంది. అది సముద్రమట్టం దగ్గరి లెక్క. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాదు సుమారు 540 మీటర్ల (దాదాపు 1,770 అడుగుల) ఎత్తులో ఉంది కాబట్టి, విజయవాడలో 19 చూపిన ఇంజన్ ఇక్కడ 17 చూపిస్తే అందులో జబ్బేమీ లేదు. ఈ సంగతి తెలియక మంచి ఇంజన్‌కు పిస్టన్ రింగులు అరిగాయని తేల్చేసే ప్రమాదం ఉంది. నా దృష్టిలో ముల్లు చూపే అంకె కంటే ముల్లు కదిలే తీరు ముఖ్యం.

ఈ గేజీ నాకు చేసిన పెద్ద మేలు కాలిన వాల్వును పట్టివ్వడం. ఐడ్లింగ్‌లో ముల్లు ఒకే లయలో, ఒకే మేరకు పడి లేస్తూ ఉండేది. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటిగా తీసి చూస్తే, మూడింటిలో ఏది తీసినా ఇంజన్ కుంగింది. నాలుగో సిలిండర్ వైరు తీసినప్పుడు మాత్రం ఏ మార్పూ రాలేదు. కంప్రెషన్ గేజీ పెడితే అక్కడే పీడనం తక్కువగా ఉంది, ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ కొలిచినా పెరగలేదు. రింగులు అరిగివుంటే ఆయిలు కొంతసేపు సందు కప్పి పీడనం పెంచేది. పెరగలేదంటే లోపం వాల్వుదే. అంతకుముందు ట్యాపెట్లు సరిచేసిన ప్రతిసారీ ఆ ఎగ్జాస్ట్ వాల్వు సందే తగ్గిపోతూ ఉండటానికి కారణం అప్పుడు అర్థమైంది. 2000 సంవత్సరం నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. సీసం ఇచ్చే రక్షణ పోయాక, వాల్వులు ఆనే చోట గట్టి సీట్లు లేని పాత పోత ఇనుప హెడ్‌లలో (సిలిండర్ల పైమూతల్లో) ఎగ్జాస్ట్ వాల్వు తన సీటును తానే తినేస్తూ పైకి కూరుకుపోతుంది, సందు మూసుకుపోతుంది, వాల్వు పూర్తిగా ఆనక కాలిపోతుంది. హెడ్ దింపి గట్టి ఉక్కు సీట్లు వేయించాక ముల్లు నిలిచింది. ఇలాంటి ఇంజన్‌కు కార్బురేటర్‌ను ఎంత శుభ్రం చేసినా ఫలితముండదు.

పక్కపక్క సిలిండర్ల మధ్య హెడ్ గాస్కెట్ పోయినప్పుడు ముల్లు చాలా వెడల్పుగా ఊగుతుంది. ఈ ఇంజన్‌లో రెండు, మూడు సిలిండర్లకు మధ్యలో ఒకే ఎగ్జాస్ట్ దారి ఉండటంతో అక్కడ వేడి ఎక్కువ, కాబట్టి మొదట అనుమానించాల్సింది ఆ చోటునే. ముల్లు నిలకడగానే ఉండి, ఉండాల్సిన దానికంటే చాలా కిందికి దిగితే ఎక్కడో గాలి దూరుతోందని అర్థం. పాత సోలెక్స్ కార్బురేటర్లలో థ్రాటిల్ ఇరుసు అరిగి ఆ పక్కనుంచి గాలి లాగుతుంది. కొత్త ప్యాకింగ్ కిట్టు వేసినా ఇది తగ్గదు, ఇరుసు రంధ్రానికి బుష్ వేయించాలి. టైమింగ్ (నిప్పురవ్వ పడే వేళ) బాగా వెనకబడినా ముల్లు నిలకడగా కిందే ఉంటుంది గనుక, డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దిగా తిప్పి చూడనిదే ఈ రెంటిలో కారణం ఏదో తేలదు.

గేజీకి తెలియనిది మరొకటి ఉంది. ముల్లు అప్పుడప్పుడు, ఏ లయా లేకుండా ఉలిక్కిపడితే అది నిప్పురవ్వ తప్పడమో, వాల్వు అతుక్కుపోవడమో గేజీ చెప్పలేదు. అందుకే దాని పక్కన టైమింగ్ లైటు (వైరులో కరెంటు పారిన ప్రతిసారీ వెలిగేది) ఉండాలని గట్టిగా చెబుతాను. లైటు క్లిప్పును ముందు నిప్పురవ్వకు కావలసిన ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్ నుంచి వచ్చే పెద్ద వైరుకు, తర్వాత ఒక్కో ప్లగ్గు వైరుకు తగిలించి, ముల్లునూ వెలుగునూ కలిపి గమనించాలి. ముల్లు పడిన క్షణంలోనే కాయిల్ వైరు దగ్గర వెలుగు తప్పితే లోపం పాయింట్లలోనో (కాయిల్ కరెంటును తెంచే స్విచ్చు), వాటి పక్కనుండే కండెన్సర్‌లోనో, కాయిల్‌లోనో ఉంది. కాయిల్ వైరు దగ్గర సక్రమంగా ఉండి ఒక ప్లగ్గు వైరు దగ్గరే తప్పితే డిస్ట్రిబ్యూటర్ మూతను, ఆ వైరును చూడాలి. వెలుగు ఎక్కడా తప్పకపోతే వాల్వుల వైపు, మిక్చర్ వైపు వెళ్లాలి, అయితే ముందు ప్లగ్గులు మార్చి చూడాలి, ఎందుకంటే మసిపట్టిన ప్లగ్గులోంచి కూడా కరెంటు పారుతుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, వేడెక్కాక మాత్రమే మిస్సింగ్ వచ్చిన సందర్భంలో ఈ పద్ధతే నన్ను కండెన్సర్ దగ్గరికి తీసుకువెళ్లింది.

ఈమధ్య ముల్లు నెమ్మదిగా అటూ ఇటూ తేలడం ఎక్కువ బండ్లలో చూస్తున్నాను. అది మిక్చర్ లోపానికి గుర్తు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండటం వల్ల, పాత పెట్రోలుకు సరిపోయిన జెట్టుతో మిక్చర్ పలుచబడుతుంది. మిక్చర్ స్క్రూను కొద్ది కొద్దిగా విప్పుతూ ముల్లు అన్నిటికంటే పైకి వెళ్లి నిలిచే చోట ఆపితే ఐడ్లింగ్ కుదుటపడుతుంది. రోడ్డు మీద పరుగుకు మాత్రం మెయిన్ జెట్టు సైజు పెంచాల్సి రావచ్చు. ఇథనాల్‌కు పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ కూడా పాడవుతాయి గనుక వాటిని తట్టుకునే రకంతో మార్చడం మంచిది.

కొనేవారు డయల్ పెద్దదిగా, అంగుళాల గీతలు దూరం నుంచి చదవగలిగేలా ఉన్నది ఎంచుకోవాలి. చవక గేజీల్లో ముల్లు అతిగా వణుకుతుంది. గొట్టాన్ని కొద్దిగా నొక్కి పట్టుకుంటే వణుకు తగ్గి అసలు కదలిక తెలుస్తుంది, కానీ మరీ నొక్కితే కాలిన వాల్వు ఉలికిపాటు కూడా మాయమవుతుంది. గేజీతో వచ్చే గొట్టం ఇంజన్ వేడికి కొంతకాలానికి గట్టిపడి చివర్లలో పగులుతుంది, ఆ పగులు గుండా దూరే గాలి తప్పుడు రీడింగు ఇస్తుంది, కాబట్టి మెత్తని మంచి రబ్బరు గొట్టం విడిగా కొనాలి. చాలా గేజీల డయల్ మీద పెట్రోలు పంపు పీడనం కొలిచే గీతలు కూడా ఉంటాయి. ఎండాకాలంలో బండి ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు అందక ఆగిపోతుంటే, పంపు బలహీనపడిందా లేక గొట్టంలో పెట్రోలు ఆవిరవుతోందా అన్నది అదే గేజీతో తేల్చుకోవచ్చు.