అంబత్తూరు ల్యాబులో ఉప ఖనిజాల పరీక్ష: ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలోని ఈ ఖనిజ పరీక్షల ల్యాబు రేర్ ఎర్త్ (నియోడైమియం, టెర్బియం లాంటి మూలకాల గుంపు) ప్రాజెక్టులకు మూడు అంచెల్లో సేవలు అమ్ముతోంది. మొదటిది రసాయన విశ్లేషణ. రెండోది ఏ మూలకం ఏ ఖనిజంలో ఉందో తేల్చే ఖనిజ విశ్లేషణ. మూడోది ‘ఉప ఉత్పత్తుల విలువ నివేదిక’ పేరుతో వచ్చే రంగుల పుస్తకం. ఆర్డరు కాగితం మీరు సరిగ్గా రాసిస్తే మొదటిది మంచిదే. రెండోది ఆలస్యంగా వస్తుంది, అయినా డబ్బుకు తగ్గ పని అదే. మూడోదాని జోలికి పోవద్దు. ఎందుకో కింద లెక్కతోనే చూపిస్తాం.

రేర్ ఎర్త్ ఒంటరిగా దొరకడం తక్కువ. దాంతో పాటు రాయిలో వచ్చే, అమ్ముకోదగ్గ ఖనిజాలే ఉప ఖనిజాలు. చైనాలోని బయాన్ ఓబో ఇనుప గనిగా మొదలైంది. అక్కడ ఇనుము, రేర్ ఎర్త్, ఫ్లోరైట్ (కాల్షియం ఫ్లోరైడ్), నియోబియం ఒకే రాయిలో కలిసి ఉంటాయి. కాలిఫోర్నియా మౌంటెన్ పాస్‌లో బాస్ట్నసైట్‌ అనే రేర్ ఎర్త్ ఖనిజం చుట్టూ ముగ్గురాయి (బేరియం సల్ఫేటు), కాల్సైట్ ఉంటాయి. గుజరాత్‌లోని అంబాడోంగర్‌కి ముందు పేరొచ్చింది ఫ్లోరైట్‌తోనే. మనకు దగ్గర్లో తమిళనాడు సేవత్తూరులోని కార్బొనేట్ అగ్నిశిల, అంటే కార్బొనటైట్‌లో అపటైట్ (భాస్వరం ఖనిజం), వర్మిక్యులైట్, పైరోక్లోర్ (నియోబియం ఖనిజం) ఉన్నాయి. గనుల చట్టానికి 2023లో సవరణ వచ్చాక కీలక ఖనిజాల బ్లాకులను కేంద్రమే వేలం వేస్తోంది. దాంతో గ్రానైటూ ముగ్గురాయీ తప్ప మరోటి చూడనివాళ్లు కూడా ఈ ల్యాబు మెట్లెక్కుతున్నారు. ఈ సమీక్ష ముఖ్యంగా వాళ్ల కోసం.

ముందు రాయి అప్పగించే సంగతి. ప్రకాశం, నెల్లూరు వైపు నుంచి పంపేవాళ్లకు మాధవరం దాకా లారీ పార్సిలు సులువు, అక్కడి నుంచి ల్యాబు దూరమేమీ కాదు. కౌంటర్లో తెలుగు నడుస్తుంది. లోపల గదుల్లో తమిళం, ఇంగ్లీషు. నమూనాలు తీసుకునే పద్ధతి పకడ్బందీగా ఉంది: ప్రతి సంచినీ తూస్తారు, రేడియేషన్ మీటరు పెట్టి చూస్తారు, సంచి మీది నంబరూ కాగితం మీది నంబరూ కలవకపోతే తీసుకోరు. థోరియం ఉండే రేర్ ఎర్త్ ఖనిజం మోనజైట్ ఎక్కువున్న గాఢ సరుకును అణుశక్తి విభాగం లైసెన్సు కాపీ లేకుండా ముట్టుకోరు. మోనజైట్ అణుశక్తి నిబంధనల కింద నియంత్రిత పదార్థం కాబట్టి ఇందులో ల్యాబును తప్పుపట్టడానికి ఏమీ లేదు.

తర్వాతి మెట్టులోనే చాలామంది నష్టపోతారు. ల్యాబు మామూలు ఆర్డరులో నమూనానంతా 2 మిల్లీమీటర్ల లోపుకు నలిపి, అందులోంచి 250 గ్రాములు పంచి తీసి, 85 శాతం 75 మైక్రాన్ల జల్లెడ దిగేలా పొడి చేస్తుంది. మిగిలిన ముతక భాగాన్ని కొద్దికాలం ఉంచి పారేస్తుంది. ఖనిజ విశ్లేషణకు గానీ, భార ద్రవాలతో వేరుచేసే పరీక్షకు గానీ, నురుగుతో ఖనిజాన్ని తేల్చి వేరుచేసే ఫ్లోటేషన్‌కు గానీ కావాల్సింది ఆ ముతక భాగమే. గింజ ఏ సైజులో విడిపోతుందో మెత్తటి పొడిలో కనపడదు. కాబట్టి ‘ముతక మిగులు మాకు తిరిగివ్వాలి’ అని ఆర్డరు మీదే రాయండి. పొడి చేసే గిన్నె ఏ లోహానిదో కూడా అడగండి. టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నె నుంచి టంగ్‌స్టన్, కోబాల్ట్, ఒక్కోసారి కాస్త నియోబియం, టాంటలం అరిగి పొడిలో కలుస్తాయి. జిర్కోనియా గిన్నె జిర్కోనియం కలుపుతుంది. మీరు వెతికే ఉప ఖనిజం అదే అయితే గిన్నె అరుగుదలను కొండలో ఉందనుకుంటారు.

రసాయన విశ్లేషణలో ధరల పట్టీ పైవరుసలో, చవగ్గా కనిపించేది నాలుగు ఆమ్లాల పద్ధతి. రేర్ ఎర్త్ రాయికి అది పనికిరాదు. జిర్కాన్ (జిర్కోనియం ఖనిజం) ఆ ఆమ్లాలకు పూర్తిగా కరగదు. ముగ్గురాయిలోని బేరియం కరిగినట్టే కరిగి మళ్లీ సల్ఫేటుగా అడుగున పేరుకుంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కొంత రేర్ ఎర్త్ ఫ్లోరైడుగా మారి అడుగున ఉండిపోతుంది. లిథియం బోరేట్‌తో గానీ సోడియం పెరాక్సైడ్‌తో గానీ కరిగించే ఫ్యూజన్ పద్ధతి అడగండి. ధర ఎక్కువే, కానీ చవక పద్ధతిలో వచ్చిన అంకెను తర్వాత సరిదిద్దే దారి లేదు. సల్ఫైడ్లు ఎక్కువున్న రాయైతే ముందే చెప్పాలి, లేకపోతే రాయిని కరిగించే ప్లాటినం గిన్నె పాడవుతుంది. ఆ బిల్లు మీ మీదకే వస్తుందని వాళ్ల షరతుల్లో ఉంది.

ముగ్గురాయి ఎక్కువున్న నమూనాల్లో రెండు తప్పులు పదే పదే వస్తాయి. చేతిలో పట్టుకుని ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మీటరులో బేరియం గీత, టైటానియం గీత దాదాపు ఒకేచోట పడతాయి (4.47, 4.51 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు). ముగ్గురాయిని చూసి టైటానియం ఉందని సంబరపడేది ఇందువల్లే. ద్రవ్యరాశిని బట్టి మూలకాలను లెక్కించే యంత్రం ఐసీపీ-ఎంఎస్‌లో బేరియం ఆక్సిజన్‌తో జతకట్టి 151, 153 ద్రవ్యరాశుల దగ్గర కూర్చుంటుంది. అవి యూరోపియం స్థానాలు. దిద్దుబాటు చెయ్యకపోతే యూరోపియం ఉబ్బుతుంది. అలాగే నియోడైమియం ఆక్సైడు 159 దగ్గర టెర్బియంను ఉబ్బిస్తుంది. టెర్బియం ఖరీదైనది కాబట్టి దాంతో పాటు రాయి విలువా ఉబ్బుతుంది. అడిగితే ఈ ల్యాబు దిద్దుబాటు గుణకాలు చూపిస్తుంది. అడగనివాళ్ల నివేదికలో వాటి ఊసే ఉండదు. ఇది ల్యాబు లోపమే.

ఇక ఫ్లోరిన్. దీన్ని అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలుస్తారు, కొలత బాగుంటుంది. చిక్కంతా ఫ్లోరిన్ మొత్తం ఫ్లోరైట్‌లోనే ఉందనుకుని ఆ అంకెను 2.05తో హెచ్చించి ‘ఫ్లోరైట్ ఇంత శాతం’ అని రాసేయడంలో ఉంది. బాస్ట్నసైట్‌లోనే దాదాపు 8.7 శాతం ఫ్లోరిన్ ఉంటుంది. రాయిలో రేర్ ఎర్త్ ఆక్సైడు 4 శాతం, అదంతా బాస్ట్నసైట్ అనుకుంటే ఆ ఖనిజం సుమారు 5.3 శాతం. దానిలోని ఫ్లోరిన్ 0.46 శాతం. రాయిలో ఫ్లోరైట్ ఒక్క గింజ లేకపోయినా నివేదికలో 0.95 శాతం ఫ్లోరైట్ ప్రత్యక్షమవుతుంది! ఫ్లోరిన్ ఉన్న అపటైట్ 5 శాతం కూడా ఉంటే ఇంకో 0.39 శాతం దొంగ ఫ్లోరైట్ చేరుతుంది. భాస్వరం లెక్కా ఇంతే. మోనజైట్‌లో దాదాపు 30 శాతం భాస్వరం ఆక్సైడు ఉంటుంది, దాన్నంతా ఎరువుల అపటైట్ ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది.

అందుకే రెండో అంచె కొనమంటున్నాం. రాయి గింజల్ని రెసిన్‌లో పోసి, గట్టిపడ్డాక అరగదీసి, మెరుగుపెట్టి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వేలాది బిందువుల్ని లెక్కపెట్టే పరీక్ష ఇది. నియోబియం 0.4 శాతం అని రసాయన నివేదిక చెబుతుంది. అది పైరోక్లోర్‌లో ఉందా, రూటైల్ అనే టైటానియం ఖనిజం లోపల కరిగి ఉందా అన్నది ఈ పరీక్షే చెప్పాలి. పైరోక్లోర్ అయితే ఫ్లోటేషన్‌తో గాఢత పెంచొచ్చు, బ్రెజిల్ అరాషాలో చేసేది అదే. రూటైల్‌లో ఉంటే ఆ 0.4 శాతం కాగితానికే పరిమితం. ఆలస్యానికి కారణం నమూనా దిమ్మెల తయారీ. అందులో బరువు గింజలు రెసిన్ గట్టిపడేలోపే అడుక్కి దిగి లెక్కను ఒకవైపు మొగ్గేలా చేస్తాయి. దిమ్మెను నిలువుగా కోసి అతికించి చూస్తే ఆ పక్షపాతం తగ్గుతుంది. అలా చేస్తున్నారో లేదో ముందే అడగండి. ఒక్కో నమూనాను నాలుగు సైజు భాగాలుగా, 106, 53, 20 మైక్రాన్ల జల్లెడలతో విడదీసి చూపించమనండి. కలిపి చూస్తే సగటు వస్తుంది, సగటుతో ప్లాంటు కట్టలేరు.

తీరపు ఇసుక పనుల గురించి కొద్దిగానే చెప్పాలి, ఎందుకంటే ప్రైవేటువాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. ప్రైవేటువాళ్లు తవ్వే ఇసుకలో ఉండొచ్చన్న మోనజైట్ పరిమితిని 2019లో సున్నా చేశారు, అంతకుముందు ఏడాదే ఈ ఇసుక ఖనిజాల ఎగుమతులన్నీ ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ద్వారానే జరగాలన్నారు. అయినా చదువుల కోసమో ప్రభుత్వ పనుల కోసమో ఇసుక నమూనాలు ఇచ్చేవాళ్లు వేరుచేసే ద్రవం సాంద్రత చూసుకోవాలి. సిల్లిమనైట్ సాంద్రత 3.24. బ్రోమోఫాం (2.89) లో అది మునుగుతుంది, డైఅయోడోమీథేన్ (3.32) లో పలుగురాయితో పాటు పైకి తేలి లెక్కలోంచి జారిపోతుంది. ఇంకో మాట: స్థిర విద్యుత్ పద్ధతిలో వేరుచేసే పరీక్షను అక్టోబరు, నవంబరు వానల్లో పెట్టుకోకండి. గింజలు 100 డిగ్రీలకు పైగా వేడిగా ఉన్నప్పుడే అది సరిగ్గా పనిచేస్తుంది. చెన్నై తేమలో ట్రే బయటపెట్టిన కాసేపటికే రూటైల్, జిర్కాన్ కలగలిసిపోతాయి.

మూడో అంచె. ఇందులో వేసే లెక్క సూటిగా ఉంటుంది: రాయిలో ఖనిజం శాతం, గుణించు టన్నులు, గుణించు మార్కెట్ ధర. ఏటా 10 లక్షల టన్నుల రాయి, 6 శాతం ఫ్లోరైట్ అనుకోండి. పుస్తకంలో 60,000 టన్నులకు మంచి గ్రేడు ధర కట్టేస్తారు. నిజానికి రికవరీ 65 శాతం వచ్చిందనుకున్నా చేతికొచ్చేది 39,000 టన్నుల కాల్షియం ఫ్లోరైడ్, 97 శాతం గ్రేడులో సుమారు 40,200 టన్నుల సరుకు. ఆ 97 శాతం అందకపోతే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తయారుచేసేవాళ్లు కొనరు, ఉక్కు కొలుముల గ్రేడుకు దిగజారుతుంది. ధర వేరు, కొనేవాళ్లు వేరు. ఆరబెట్టడం, సంచులు, లారీ కిరాయి పుస్తకంలో ఎక్కడా లేవు.

అంతకన్నా పెద్ద తప్పు, వాళ్లు పరీక్షించేది తవ్వి తెచ్చిన రాయిని. అమ్మాల్సిన ఉప ఖనిజం మాత్రం వచ్చేది రేర్ ఎర్త్ తీసేశాక మిగిలిన టెయిలింగ్స్ లోంచి. ఈ రెండూ ఒకటి కావు. ముగ్గురాయి సంగతే చూడండి. దాని సాంద్రత 4.5, బాస్ట్నసైట్‌ది 5కి దగ్గర, బరువు తేడాతో వేరుచేయడం కష్టం. ఫ్లోటేషన్‌లో ముగ్గురాయిని అణచడానికి వాడిన మందు దాని ఒంటి మీదే ఉంటుంది. టెయిలింగ్స్ నుంచి మళ్లీ తేల్చాలంటే అది కడగాలి. పైగా ముగ్గురాయి మెత్తన. రేర్ ఎర్త్ గింజ విడిపించడానికి మెత్తగా నూరితే ఇది ధూళైపోతుంది. చమురు బావుల బురదకు కొనేవాళ్ల ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణంలో 6 మైక్రాన్ల కంటే సన్న భాగం 30 శాతం మించకూడదు, సాంద్రత 4.20 గానీ, తక్కువ గ్రేడులో 4.10 గానీ ఉండాలి. ముగ్గురాయిలో స్ట్రాన్షియం ఎక్కువైతే ఆ సాంద్రతా పడిపోతుంది. ఇవన్నీ దాటాక కూడా పోటీ ఎవరితో? ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటైన మంగంపేటతో. పుస్తకంలో మంగంపేట పేరే లేదు. దక్షిణాదిలో కూర్చుని ముగ్గురాయి మార్కెట్ గురించి రాసేవాళ్లు దాన్నెలా మర్చిపోయారో!

అడిగితే టెయిలింగ్స్ మీదే రెండో అంచె పరీక్ష చేస్తారు, అదనపు ఛార్జీ లేదు. ఫ్లోటేషన్ చేసిన చోటి నుంచి టెయిలింగ్స్‌ని ఎండబెట్టకుండా, వడగట్టిన ముద్దగా, గాలి చొరని డబ్బాల్లో పంపండి. ఎండబెడితే మందు గింజకు అతుక్కుని తర్వాతి ఫ్లోటేషన్ ఫలితాన్ని మారుస్తుంది. ఏ మందు ఎంత వాడారో, ఏ ఉష్ణోగ్రతలో వాడారో, ఎంత సన్నగా నూరారో డబ్బాతో పాటు రాసివ్వండి.

ఉప ఉత్పత్తి ప్రతిదానికీ థోరియం, యురేనియం అంకె విడిగా అడగండి. ఇది ప్యాకేజీలో లేదు, ఉండాలి. గ్రాముకు 1 బెక్వెరెల్ అన్న అంతర్జాతీయ రేడియేషన్ హద్దు థోరియంకైతే దాదాపు 246 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు), యురేనియంకైతే 81 పీపీఎం. అపటైట్ గానీ ముగ్గురాయి గానీ ఆ హద్దు దాటితే కొనేవాడు గేటు దగ్గరే వెనక్కి పంపుతాడు. జిర్కాన్‌కి కొనుగోలు ఒప్పందాల్లో ఈ రెండూ కలిపి 500 పీపీఎం దాటకూడదనే షరతు మామూలే. ముగ్గురాయికి రసాయన అంకె ఒక్కటే చాలదు. రేడియం బేరియంతో కలిసి పోతుంది కాబట్టి గామా స్పెక్ట్రం కూడా కావాలి.

ఆర్డరు రాసేటప్పుడు ప్రతి 20 నమూనాలకు విలువలు ముందే తెలిసిన ఒక ప్రామాణిక నమూనా, వెతికే మూలకాలేవీ లేని ఒక పలుగురాయి, ఒక జంట నమూనా మీ తరఫున మీరే వేరే నంబర్లతో కలపండి. ప్రామాణిక నమూనా మీ రాయి తీరుకు దగ్గరగా ఉండాలి, కార్బొనటైట్‌కి గ్రానైట్ ప్రామాణికం పెట్టి లాభం లేదు. ల్యాబు సొంత తనిఖీ నమూనాల ఫలితాలు నివేదికతో పాటు ఇవ్వమని రాస్తే ఇస్తారు, రాయకపోతే ఇవ్వరు. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ అదనం. సగం ముందే కట్టాలి. రేడియేషన్ ఉన్న మిగులు పొడిని వాళ్లు పారేయరు, మీరే వచ్చి తీసుకెళ్లాలి. తీసుకెళ్లేదాకా నెలవారీ నిల్వ రుసుము పడుతుంది, ఆ సంగతి షరతుల కాగితం చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది.