ఆర్లింగ్టన్‌లో రెండు రాత్రులు: టైసన్ పోటీ, మోటెల్ బాదుడు, 75 డాలర్ల కామిక్

ఒకప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ మైక్ టైసన్, యూట్యూబర్‌గా పేరు తెచ్చుకుని బాక్సర్ అయిన జేక్ పాల్‌ల బాక్సింగ్ పోటీ చూడటానికి 2024 నవంబరులో మేము హ్యూస్టన్ నుంచి, టెక్సాస్‌లోనే డాలస్ దగ్గర ఉన్న ఆర్లింగ్టన్ వెళ్లి వచ్చాము. ఆ పోటీ గురించి లోకమంతా మాట్లాడేసింది కనుక దాని కోసమే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాను. స్టేడియానికి రెండు మైళ్ల దూరంలో మేము దిగిన మోటెల్ మమ్మల్ని ఎన్ని విధాలుగా పిండుకున్నదో ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే మనసు కుదుటపడేలా లేదు.

మేము ముగ్గురం. నేను టైసన్ అభిమానిని. 1997లో ఆయన రింగులో ఎదుటి బాక్సర్ హోలీఫీల్డ్ చెవి కొరికిన ఫొటో పేపరులో చూసి మా నాన్నగారు ఛీ అని పేపరు మడిచి పక్కన పడేస్తే, ఆ సాయంత్రమే దాన్ని కత్తిరించి లెక్కల నోట్సులో దాచుకున్నవాణ్ణి. మా బావమరిది డాలస్ దగ్గరే ఎమ్మెస్ చదువుతున్నాడు. వాడికి టైసన్ అంటే మీమ్‌లలో కనిపించే ఒక పెద్దాయన, అంతే. జేక్ పాల్‌ను మాత్రం వైన్ (Vine) అనే యాప్‌లో ఆరు సెకన్ల వీడియోలు చేసిన రోజుల నుంచీ ఎరుగును. మా ఆవిడకు ఇద్దరిలో ఎవరూ అక్కర్లేదు. తమ్ముణ్ణి చూడవచ్చు, ఫ్రిస్కోలో హనుమంతుడి గుడికి వెళ్లవచ్చు అన్న రెండు ఆశలతో కారెక్కింది.

కథ మే నెలలోనే మొదలైంది. పోటీ మొదట జూలై 20న జరగవలసి ఉన్నది. టికెట్లు ఒక్కొక్కటి 187 డాలర్ల చొప్పున మూడు తీసుకుని, రాత్రికి 89 డాలర్లకు మోటెల్ గది దొరికిందని మురిసిపోయి, డబ్బు వాపసు ఇవ్వబోమన్న షరతు మీద చౌకగా ఇచ్చే రకం బుకింగ్ చేశాను. ఆ నెలాఖరుకే, టైసన్‌కు విమానంలో కడుపులో పుండు తిరగబెట్టిన కారణంగా పోటీ వాయిదా పడింది, తర్వాత నవంబరు 15కు మారింది. టికెట్లు కొత్త తేదీకి చెల్లాయి. మోటెల్‌వారిని మాత్రం తేదీ మార్చండి చాలు, వాపసు వద్దు అని మూడుసార్లు ఫోనులో అడిగాను, మూడుసార్లూ కుదరదన్నారు. పన్నులతో కలిపి 208 డాలర్ల 26 సెంట్లు గంగలో కలిశాయి. అంత జరిగినా బుద్ధి లేక, దగ్గరలో అంతకన్నా చౌకది కనిపించక, అదే మోటెల్‌లో రాత్రికి 149 డాలర్ల చొప్పున మళ్లీ బుక్ చేశాను. ఈ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

ప్రయాణం హాయిగా జరిగింది. ఇంటర్‌స్టేట్ 45 మీద నాలుగు గంటలు, మధ్యలో మాడిసన్‌విల్ దగ్గర బక్కీస్ అనే పెద్ద పెట్రోలు బంకులో ఒక్క మజిలీ. అక్కడి బాత్‌రూముల శుభ్రత గురించి చెప్పుకొనేదంతా నిజమేనని మా ఆవిడ ధ్రువీకరించింది.

గురువారం సాయంత్రం మోటెల్ కౌంటరు దగ్గర నిలబడితే, అక్కడి కుర్రవాడు రాత్రికి 35 డాలర్ల చొప్పున ‘ఈవెంట్ ఫీజు’ కట్టాలన్నాడు. బుకింగ్ కాగితంలో అలాంటి మాట ఎక్కడుందో చూపించమంటే, కాగితంలో లేకపోయినా కంప్యూటర్‌లో ఉన్నది అన్నాడు. కారు నిలిపినందుకు రోజుకు 25, ఇవి కాక 100 డాలర్ల డిపాజిట్. నేను గొంతు కొంచెం పెంచాను, మా ఆవిడ వెనక నుంచి చొక్కా లాగుతున్నది. అంతలో కౌంటరు కుర్రవాడి ఫోను మోగింది. అతడు అటు చూసి నన్ను ఒక్క క్షణం ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి, ఫోను నా వైపు తిప్పి చూపించాడు. మేము వాదులాడుకుంటున్న ఆ సమయానికే, అక్కడికి అరగంట దూరంలో, అర్వింగ్‌లోని టయోటా మ్యూజిక్ ఫ్యాక్టరీలో బరువులు తూచే కార్యక్రమంలో, చేతులూ కాళ్లూ నేలకానించి పాకుతూ వచ్చిన పాల్ టైసన్ పాదం తొక్కడం, టైసన్ వాడి చెంప పగలగొట్టడం జరిగిపోయాయి. నా కోపం మరచిపోయి ఆ వీడియో రెండుసార్లు చూశాను. నేను చూస్తుండగానే అతడు నా కార్డు గీకేశాడు. ఇంటర్నెట్ మనిషిని ఎలా మాయ చేస్తుందో అంతకన్నా దగ్గరగా నేనెన్నడూ చూడలేదు.

గది సంగతి. పొగ తాగరాదన్న బోర్డు తలుపు మీద, సిగరెట్ కంపు తలుపు లోపల. తివాచీ మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిన మచ్చ, దాన్ని కప్పడానికి జరిపిన కుర్చీ, ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. ముగ్గురికి రెండు తువ్వాళ్లు. మూడోది అడిగితే రేపు పొద్దున అన్నారు, పొద్దున అడిగితే లాండ్రీ మనిషి రాలేదన్నారు. తాళం కార్డు ఆ రాత్రి మూడుసార్లు మొరాయించింది; మూడోసారి మా బావమరిది మెట్లు దిగుతూ, “బావగారూ, మీ టైసన్ ఒక్క గుద్దు గుద్దితే ఈ తలుపు తెరుచుకునేది” అన్నాడు. ఉచిత అల్పాహారం అంటే ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మఫిన్, అదీ తొమ్మిదికల్లా అయిపోయింది. పన్నులు, ఈవెంట్ ఫీజు, పార్కింగు కలిపి రెండు రాత్రులకు 468 డాలర్ల 66 సెంట్లు. జూలై నష్టం కూడా కలుపుకుంటే 676 డాలర్ల 92 సెంట్లు. నేను ఘనంగా చూసిన పోటీకి ముగ్గురి టికెట్లకూ అయినది 561 డాలర్లే.

ఆర్లింగ్టన్‌లో పోటీలకు వెళ్లేవారు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. అంత పెద్ద స్టేడియాలున్న ఆ ఊరిలో, మనం అనుకునే రకం సిటీ బస్సులు, వేళకు తిరిగే రైళ్లు లేవు. అందువల్ల కారు పెట్టుకోవడానికి చోటు ఇచ్చేవాడిదే రాజ్యం. మేము ఒక ప్రైవేటు స్థలంలో 80 డాలర్లు ఇచ్చి పెట్టి, పదిహేను నిమిషాలు నడిచాము. మోటెల్ నుంచే నడిచి ఉంటే నలభై నిమిషాలు పట్టేది, 80 డాలర్లు మిగిలేవి. దగ్గరలోనే ఉండాలన్న పట్టుదల అనవసరం. అర్వింగ్‌లోనో గ్రాండ్ ప్రెయిరీలోనో దిగి, ముందుగా స్థలం కొనుక్కుని కారులో రావడం మేలు.

ఏటీ అండ్ టీ స్టేడియంలో మా సీట్లు ఆకాశంలో ఉన్నాయి. రింగు అక్కడి నుంచి క్యారమ్ బోర్డంత కనిపించింది, అందులో మనుషులు కాయిన్లంత. అందరమూ తలలెత్తి 160 అడుగుల పొడవున్న ఆ వేలాడే తెరనే చూశాము. 187 డాలర్లు పెట్టి టీవీ చూశామని మా ఆవిడ అన్నది, కానీ అంతటి టీవీ మా ఇంట్లో లేదు కదా.

అండర్‌కార్డులో, అంటే ప్రధాన పోటీకి ముందు జరిగే పోటీలలో, హర్యానా బాక్సర్ నీరజ్ గోయత్ ఉన్నాడు. 2019లో బ్రిటిష్ బాక్సర్ అమీర్ ఖాన్‌తో తలపడవలసినవాడు కారు ప్రమాదం పాలై ఆ అవకాశం పోగొట్టుకున్నాడు. ఐదేళ్ల తర్వాత అతడికి దక్కిన పెద్ద వేదికలో ఎదుటివాడు బ్రెజిల్ హాస్య యూట్యూబర్ విండర్‌సన్ న్యూనెస్. ఆరు రౌండ్లలో పాయింట్ల మీద గెలిచాడు. మా వరుసలో ఎవరో మూడు రంగుల జెండా ఊపారు, మేమూ కేకలు వేశాము. గెలిచాడని సంతోషమే, కానీ ఏళ్ల తరబడి చెమటోడ్చినవాడికి వెలుగు చూడాలంటే పక్కన ఒక యూట్యూబర్ కావలసి రావడం నాకు రుచించలేదు. బావమరిది ఇక్కడే నాతో వాదం పెట్టుకున్నాడు: యూట్యూబర్ లేకపోతే గోయత్ పేరు మీకైనా తెలిసేదా అని. తెలిసేది కాదు. వాడికి ఆ మాట చెప్పలేదు.

అసలు పోటీ అంటే మహిళా బాక్సర్లు కేటీ టేలర్, అమాండా సెరానోలది. 2022లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వీరిద్దరి మొదటి పోటీని టేలర్ స్వల్పంగా గెలిచింది. ఈసారి పది రౌండ్లు, ఒక్కొక్కటి రెండు నిమిషాలు, ఏ రౌండులోనూ ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. తల తగిలి సెరానో కుడి కంటి మీద చర్మం చీలింది, తెర మీద ఆ గాయం మనిషంత పెద్దదిగా కనిపిస్తుంటే, బాక్సింగ్ అంటే మొహం తిప్పుకునే మా ఆవిడ సీటు అంచుకు జరిగి, నా మోచెయ్యి పట్టుకుని, “ఏమండీ, ఆపేస్తారా? ఆపకూడదండీ” అన్నది. ఎనిమిదో రౌండులో తలతో కొట్టినందుకు టేలర్‌కు ఒక పాయింటు కోత పడింది. అయినా ముగ్గురు జడ్జీలూ 95-94 అని టేలర్‌కే ఇచ్చారు. స్టేడియమంతా గగ్గోలు పెట్టింది, అందరికన్నా గట్టిగా మా ఆవిడ.

ఆ తర్వాత మెయిన్ ఈవెంట్. కొండంత రాగం తీసి గోరంత పాట పాడినట్టయింది. టైసన్‌కు 58 ఏళ్లు, పాల్‌కు 27. ఎనిమిది రౌండ్లు, అవీ రెండేసి నిమిషాలవి, 14 ఔన్సుల గ్లవ్స్. మొదటి రౌండులో నా గుండె కొట్టుకున్నది నిజం. మూడో రౌండు నుంచి ఆయన మోకాలి పట్టీనే చూస్తూ కూర్చున్నాను. మధ్యమధ్యలో ఆయన గ్లవ్ కొరుక్కుంటుంటే పక్కవాళ్లు నవ్వి ఫోన్లు ఎత్తారు. మొత్తం పోటీలో ఆయన దెబ్బలు తగిలినవి 18 అని తర్వాత లెక్క తేలింది. చివరి క్షణాలలో పాల్ గుద్దడం మాని వంగి నమస్కరించాడు. జనం ఈల వేసి గోల చేశారు. ముగ్గురు జడ్జీలూ పాల్‌కే ఇచ్చారు: 80-72, 79-73, 79-73. ఊళ్లో శనివారం పొద్దున పని మానుకుని టీవీ ముందు కూర్చున్న మా తమ్ముడు, బొమ్మ ఆగి ఆగి వస్తున్నదని నాకు సందేశాల మీద సందేశాలు పంపాడు. బొమ్మ సరిగ్గా వచ్చిన మాకు మాత్రం ఏమి ఒరిగింది?

శనివారం పొద్దున ఆ మోటెల్‌ను వదిలాక అన్నీ మంచే జరిగాయి. గుడిలో దర్శనం బాగా అయింది. డాలస్ శివార్లలో ఒక పాత కామిక్స్ దుకాణానికి బావమరిది తీసుకువెళ్లాడు. అక్కడ, ప్లాస్టిక్ కవరులో, నేను చదువుకునే రోజుల్లో హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల పేవ్‌మెంటు మీద చూసి, జేబులో డబ్బు చాలక వదిలేసిన కామిక్ దొరికింది: 1978లో డీసీ వారు వేసిన సూపర్‌మ్యాన్, మహమ్మద్ అలీల పోటీ, నీల్ ఆడమ్స్ బొమ్మలు. మామూలు కామిక్ కన్నా చాలా పెద్ద సైజు. అప్పటి వెల రెండున్నర డాలర్లు. వెన్ను చిరిగిన ఈ ప్రతికి 75 అన్నాడు. బేరమాడకుండా ఇచ్చేశాను.

దుకాణదారు పెద్దాయన గాజు బల్ల మీద అట్టను విప్పి పరిచాడు. ముందు అట్ట నుంచి వెనక అట్ట దాకా రింగు చుట్టూ కూర్చున్న జనమంతా ఆనాటి ప్రముఖులూ, కామిక్స్ పాత్రలూ, 172 మంది. ఎవరెవరో చెప్పడానికి లోపల అంకెలు వేసిన పటం. అనుమతి ఇవ్వని కొందరికి మీసాలు గీసి ముఖం మార్చేశారట. మా ఆవిడ వేలు పెట్టి వెతుకుతూ పాటగాళ్లు జాక్సన్ సోదరులను పట్టుకున్నది. రింగు కన్నా చుట్టూ ఎవరు కూర్చున్నారన్నదే ముఖ్యమైన ఆటలు ఈనాటివి కావని, ఇంటర్నెట్‌ను తిట్టినంత తిట్టిన నేను అక్కడ కొంచెం తగ్గాను.

అయితే ఆ కథలో ఒక మర్యాద ఉన్నది. సూపర్‌మ్యాన్‌కు శక్తులుండగా అలీతో పోటీ అంటే అన్యాయమని, ఎర్ర సూర్యుడి వెలుగులో ఆ శక్తులు తీసేసి రింగులోకి దింపుతారు. అప్పుడు అలీ అతణ్ణి చితకబాదుతాడు. సూపర్‌మ్యాన్ పడిపోకుండా నిలబడే ఉంటే, ఇక ఆపండని అడిగేదీ అలీయే. ఆర్లింగ్టన్‌లోనూ ఒకడికి శక్తులు పోయే ఉన్నాయి, అది 58 ఏళ్ల ఎర్ర సూర్యుడు. ఆపమని అడిగినవారు లేరు. బావమరిదికి ఇది చెబితే, “పాల్ గుద్దడం తగ్గించాడు కదా బావగారూ, అదీ మర్యాదే” అన్నాడు. కావచ్చు. అలాగైతే టికెట్ మీద పోటీ అని రాయకూడదు.

మధ్యాహ్నం అర్వింగ్‌లో మాకార్థర్ బులెవార్డ్ దగ్గర ఒక తెలుగు భోజనశాలలో 15.99 డాలర్ల భోజనం: గోంగూర పప్పు, దొండకాయ వేపుడు, ఉలవచారు, గడ్డ పెరుగు. అడగకుండానే రెండోసారి అన్నం తెచ్చి, “ఫైట్‌కి వచ్చారా అన్నా?” అని వడ్డించిన కుర్రవాడు అడిగాడు. మోటెల్ పేరు చెప్పగానే అతడు ఇంకో గరిట నెయ్యి వేశాడు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ ఫోనులో టేలర్, సెరానోల మొదటి పోటీ పెట్టుకుని చూసింది, కామిక్ వెనక సీటులో తువ్వాలు కింద పడుకున్నది. 100 డాలర్ల డిపాజిట్ మూడు వారాలకు 85 అయి తిరిగి వచ్చింది. తువ్వాలు ఒకటి తక్కువ ఉన్నదట. ఇచ్చినవే రెండు అని మెయిల్ రాశాను, జవాబు లేదు. వెనక సీటులోని తువ్వాలు మాత్రం వారిదే, అది కారు హ్యూస్టన్ చేరాక చూసుకున్నాము.