హైవ్‌లో ఆరు నెలలు: పాత బ్లాగరు మాట

పదేళ్లుగా బ్లాగర్‌లో రాస్తున్నాను, ఎక్కువగా ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత పుస్తకాల గురించి. చిక్కడపల్లిలో ఉండే మా తమ్ముడు పోరు పెడితే హైవ్‌లోనూ మొదలుపెట్టాను. టపాలు రాసి, పాఠకుల ఓట్లను బట్టి క్రిప్టో నాణేలు సంపాదించుకునే వేదిక ఇది. స్టీమ్ అనే అలాంటి వేదిక నుంచి 2020 మార్చిలో విడిపోయింది. రాసినదంతా బ్లాక్‌చెయిన్‌లో, అంటే చాలా కంప్యూటర్లలో ఉండే, చెరపలేని గొలుసులాంటి చిట్టాలో చేరుతుంది.

బాగా నచ్చింది, పాఠకుడి ఓటుకు విలువ ఉండటం. టపా పెట్టిన 7 రోజులకు లెక్క తేలుతుంది. వచ్చినదాంట్లో సగం రాసినవాళ్లకి, సగం ఓటేసినవాళ్లకి. అందుకే టపా పడేసి వెళ్లిపోతే కుదరదు. నలుగురి రాతలూ చదవాలి, మాట కలపాలి. ఈ కలుపుగోలుతనం నా బ్లాగుకి ఎప్పుడూ రాలేదు.

డబ్బు కోసమైతే తొందరపడకండి. హైవ్ పవర్‌గా, అంటే ఓటు బలం కోసం కట్టిపెట్టిన నాణేలుగా, దాచుకున్నది వెనక్కి తీయాలంటే 13 వారాలు, వారానికి కొంత. నాణేలు అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను.

తాళాలు, అంటే ఖాతా పాస్‌వర్డ్‌లు, జాగ్రత్త. పాస్‌వర్డ్ పోతే మెయిల్‌కి లింకు రాదు. నావి నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టాను. టపా దిద్దినా పాత రూపం గొలుసులో ఉండిపోతుంది, అందుకే ఇంటి సంగతులు అక్కడ రాయను.

తెలుగు పాఠకులు మాత్రం నాకు బ్లాగులోనే ఎక్కువ. పుస్తకం పేరు వెతుక్కుంటూ ఇప్పటికీ వస్తారు. పుస్తకాల టపాలు అక్కడే ఉంచుతున్నాను.